తొమ్మిదో తరగతికి వీరేశలింగం గారి స్వీయచరిత్ర: ఎక్కడ మొదలుపెట్టాలి?

గోదావరి_గట్టు
అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. మా ఊరి నుంచి రాజమండ్రికి బస్సులో ముప్పావు గంట. ఈ ఏడాది మా హెడ్మాస్టారు శనివారం ఆఖరి పీరియడు లైబ్రరీకి వదిలేశారు. తొమ్మిదో తరగతిలో 34 మంది పిల్లలు. సిలబస్ గొడవ లేకుండా వాళ్ళతో ఒక మంచి పుస్తకం చదివించాలని నాకు చాలా కాలంగా ఉంది. కందుకూరి వీరేశలింగం గారి స్వీయచరిత్ర ఎంచుకున్నాను.

మొదటి శనివారం కుదరలేదు. బోర్డు మీద తేదీలు రాశాను: 1848 ఏప్రిల్ 16 పుట్టుక, 1874 వివేకవర్ధని పత్రిక, 1878 రాజశేఖర చరిత్రము నవల, 1881 మొదటి వితంతు వివాహం, 1919 మరణం. పిల్లలు బుద్ధిగా నోట్సులో దించుకున్నారు. ఆ తర్వాత పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాను. రెండు నిమిషాలు గడిచాయో లేదో కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి లేచి, "సార్, ఇది పరీక్షకి వస్తుందా?" అంది. రాదమ్మా అన్నాను. కూర్చుంది. ఇక ఆ పీరియడంతా ఎవరూ తలెత్తలేదు.

ఇది ఆ పిల్లల తప్పని నేను అనుకోవడం లేదు. రాజమండ్రి వెళ్ళినప్పుడల్లా ఆయన పేరు వింటారు, ఆయన విగ్రహం చూస్తారు. "సంఘ సంస్కర్త" అన్న మాట మూడో తరగతి నుంచీ రాస్తూనే ఉన్నారు. కొత్తగా తెలుసుకోవడానికి ఏముంటుందని వాళ్ళ లెక్క. ఎక్కడ మొదలుపెట్టాలి? ఎన్ని పేజీలు చదవాలి? ఆ భాషను అలాగే చదవాలా, మన మాటల్లో చెప్పేయాలా? చేసి చూసినవాళ్ళు చెప్పండి.

పాలమూరు_పంతులమ్మ
మాస్టారూ, నేను ఇంటర్ వాళ్ళకు తెలుగు చెబుతాను. మీకు జరిగిందే నాకూ జరిగింది. తేదీలు ముందు చెబితే ఆ మనిషి అక్కడే అయిపోతాడు.

రెండో ఏడు నేను నేరుగా 1881 డిసెంబర్ 11 రాత్రికి తీసుకుపోయాను. "ఈ రాత్రి రాజమండ్రిలో ఒక ఇంట్లో పెళ్ళి. పిల్లాడి పేరు గోగులపాటి శ్రీరాములు, పిల్ల పేరు గౌరమ్మ. ఇంటి చుట్టూ పోలీసులున్నారు. పెళ్ళింటికి పోలీసులెందుకు?" అని అడిగి ఊరుకున్నాను. క్లాసులో తలా ఒక మాట అన్నారు. లేచిపోయిన పెళ్ళా, కులాంతరమా, పిల్లకి ఇష్టం లేదా, కట్నం గొడవా. ఈ కాలం పిల్లలకు పెళ్ళింట్లో పోలీసులంటే ఇవే గుర్తొస్తాయి. ఆమెకు అంతకుముందే పెళ్ళయి భర్త చనిపోయాడని, మళ్ళీ పెళ్ళి చేస్తున్నందుకే ఊరు అడ్డం తిరిగిందని చెప్పేసరికి, "గంతేనా?" అన్నారు. ఆ "గంతేనా" పట్టుకుని నెలరోజులు పాఠం నడిచింది.

ఇంకోటి చెప్పాలి. మా క్లాసులో ఒక పిల్లగాడు లేచి, "మా దాంట్ల మొగుడు పోయినామెకు మారుమనువు చేస్తరు మేడమ్. మా నాయనమ్మకు గట్లనే అయింది. అండ్ల కొత్తేముంది?" అన్నాడు. నేను ఆ ప్రశ్నకు తయారుగా లేను. ఇంటికి పోయి చాలాసేపు ఆలోచించాను. నిజమే కదా. రెక్కల కష్టం మీద బతికే చాలా కులాల్లో మారుమనువు ఎప్పటినుంచో ఉంది. ఆ నిషేధం బ్రాహ్మణుల్లోనూ, ఆచారాల్లో వాళ్ళను చూసి నడుచుకున్న కులాల్లోనూ గట్టిగా ఉండేది. మర్నాడు క్లాసులో ఆ పిల్లగాడినే వాళ్ళ నాయనమ్మ సంగతి చెప్పమన్నాను. చెప్పాడు, బాగా చెప్పాడు. ఆ రోజు నుంచి ఆ పుస్తకం వాడిదీ అయింది.

వితంతు వివాహాలను ఒప్పుకుంటూ చట్టం 1856లోనే వచ్చింది. రాజమండ్రిలో మొదటి పెళ్ళి జరగడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. చట్టం ఒప్పుకున్నా పిల్లనిచ్చేవాళ్ళు, చేసుకునేవాళ్ళు, మంత్రం చెప్పేవాళ్ళు, వంటచేసేవాళ్ళు దొరకాలి కదా. దీని మీదే ఒక పీరియడు మాట్లాడించండి.

సిక్కోలు_సిన్నోడు
నేను బీఈడీ చదువుతున్నాను. ఒక మాట అడుగుతాను, పెద్దవాళ్ళు కోప్పడకండి. ఆ భాష చదివించడం అవసరమా? అరసున్నలు, బండి రలు, "చేయుచుంటిని" "పోయితిని" వరసలు. మా ఊళ్ళో పిల్లలు పాఠ్యపుస్తకంలో భాషే కష్టపడి చదువుతారు. మాట్లాడుకునేది వేరే. దాని మీద ఇంకో వందేళ్ళ వెనకటి భాష పెడితే తెలుగంటేనే భయపడతారు. కథ మన మాటల్లో చెప్పేస్తే సరిపోదా? గిడుగు వారు అంత పోరాడింది అందుకే కదా.

చదువరి_మేడ
బాబూ సిన్నోడూ, నీ ప్రశ్నలో కోప్పడాల్సింది ఏమీ లేదు. నేను ముప్పై ఏళ్ళు గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను. గిడుగు రామమూర్తి గారి పేరు ఎత్తావు కాబట్టి చెబుతాను. 1919లో వ్యావహారిక భాష కోసం వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పెట్టినప్పుడు దానికి అధ్యక్షుడు వీరేశలింగం గారే, కార్యదర్శి గిడుగు వారు. జీవితమంతా గ్రంథాలు గ్రాంథికంలో రాసిన మనిషి, డెబ్బై ఏళ్ళ వయసులో, చనిపోవడానికి కొద్ది నెలల ముందు ఆ పక్కకు వచ్చి నిలబడ్డాడు. ప్రహసనాల్లో అంతకు చాలా ముందే జనం మాట్లాడే మాటలే రాశాడనుకో, అది వేరే సంగతి. పిల్లలకు ఈ విషయం చెప్పి చూడు. ఆ భాష మీద భయం సగం పోతుంది.

ఇక చదివించడం గురించి. మౌనంగా చదవమంటే ఎవరికైనా కష్టమే. గట్టిగా చదివితే ఆ వాక్యాలకు ఒక నడక ఉందని తెలుస్తుంది. మా లైబ్రరీలో వేసవి సెలవుల్లో పిల్లలతో ఒక పద్ధతి పాటించేవాణ్ణి. ఒక పేరా నేను చదివేవాణ్ణి, మధ్యలో ఆపకుండా. తర్వాత ముగ్గురు పిల్లలు దాన్ని వాళ్ళింట్లో మాట్లాడే మాటల్లో చెప్పాలి. ఒకడు "సేసినాడు" అంటాడు, ఒకతె "చేశారు" అంటుంది, ఇంకొకడు "చేసిండు" అంటాడు. మూడూ సరైనవేనని చెప్పేవాణ్ణి. తర్వాత మళ్ళీ అసలు పేరా చదివితే ఈసారి అందరికీ అర్థమయ్యేది. వారానికి ఒక పేజీ చాలు. పుస్తకం మొత్తం చదివించాలని పెట్టుకోవద్దు.

ఆ పుస్తకం రెండు భాగాలు. మొదటిది 1911లో, రెండోది 1915లో వచ్చింది. హైస్కూలు పిల్లలకు మొదటి భాగమే మేలు. చిన్నతనం, చదువు, బడి ఉద్యోగాలు, పత్రిక, పెళ్ళిళ్ళు అన్నీ అందులో ఉన్నాయి. రెండో భాగంలో సంస్థల వ్యవహారాలు, మనస్పర్థలు ఎక్కువ. అవి పెద్దయ్యాక చదువుకోవచ్చు.

మరొక సంగతి. తెలుగువాడు రాసుకున్న మొదటి ఆత్మకథ వెన్నెలకంటి సుబ్బారావు గారిది. ఆయన 1839లో పోయారు, పుస్తకం 1873లో అచ్చయింది. కానీ అది ఇంగ్లీషులో ఉంది. తెలుగులో అంత పెద్దగా, తన జీవితాన్ని తానే వరసపెట్టి చెప్పుకోవడం వీరేశలింగం గారితోనే మొదలు. "నా గురించి నేను రాసుకోవచ్చా?" అన్నదే అప్పటికి కొత్త ఆలోచన. రాజుల గురించి, దేవుళ్ళ గురించి రాసేవాళ్ళు. బడిపంతులు తన గురించి రాసుకోవడమేమిటి? పిల్లలు ఈ ప్రశ్న దగ్గర ఆగాలని నా కోరిక.

అట్లాంటా_అమ్మ
చదువుతుంటే నాకూ చెప్పాలనిపించింది. ఇక్కడ వారాంతపు తెలుగు బడిలో నేను చెప్పేది ఎనిమిది మందికే. మా పిల్లలకు అక్షరాలు వచ్చు కానీ కూడబలుక్కుని చదువుతారు. పుస్తకం చేతికివ్వలేను. నేను చెప్పింది ఒక్కటే: "ఈయనకు నాలుగేళ్ళప్పుడు నాన్న చనిపోయారు. పెదనాన్న పెంచారు. పదమూడేళ్ళకు పెళ్ళయింది. పెళ్ళికూతురు ఇంకా చిన్నది." అంతే, పదమూడేళ్ళ మా అబ్బాయి నోరు తెరిచాడు. "ఆ అమ్మాయి పేరేంటి?" అన్నాడు. బాపమ్మ, అత్తవారింటికి వచ్చాక రాజ్యలక్ష్మి అని మార్చారు అన్నాను. "ఆమెను అడిగే మార్చారా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ ప్రశ్న నాకు చాలా నచ్చింది.

గోదావరి_గట్టు
అమ్మా, మీ అబ్బాయి ప్రశ్న రేపు మా క్లాసులో అడుగుతాను. మా పిల్లలదీ సరిగ్గా అదే వయసు. బాల్యవివాహాలను అంతగా ఎదిరించిన మనిషి పెళ్ళి కూడా అలాంటిదేనన్న సంగతి నాకు తెలుసు. దాన్ని పిల్లల ముందు పెట్టాలని మాత్రం ఇన్నాళ్ళూ తోచలేదు.

పంతులమ్మ గారూ, పోలీసుల ప్రశ్న మీ దగ్గర అప్పు తీసుకుంటున్నాను. మేడ గారూ, ఇంట్లో మాటల్లో చెప్పించే పద్ధతి కూడా.

అక్షర_పరిశోధి
నేను పీహెచ్‌డీ చేస్తున్నాను, డిగ్రీ పిల్లలకు గెస్ట్ క్లాసులు చెబుతుంటాను. అందరూ ఒకే పక్క నుంచి మాట్లాడుతున్నారు. రెండో పక్క కూడా ఉండాలని నా అభిప్రాయం. ఆత్మకథ అంటే ఒక మనిషి తన తరఫున తానే చెప్పుకునే వాదన. వీరేశలింగం గారు పత్రికలో ఎంత పదునుగా రాశారో, ఇక్కడా అంతే. తన ప్రత్యర్థుల గురించి ఆయన చెప్పినదే మనం వింటాం. వాళ్ళ మాట ఆ పుస్తకంలో వాళ్ళు చెప్పుకున్నట్టు ఉండదు.

ముద్దుపళని సంగతి చూడండి. తంజావూరు ఆస్థానంలో రాధికాసాంత్వనం రాసిన కవయిత్రి. ఆంధ్రకవుల చరిత్రములో వీరేశలింగం గారు ఆమె కావ్యాన్ని అసభ్యమని గట్టిగా తీసిపారేశారు. బెంగుళూరు నాగరత్నమ్మ గారు దాన్ని 1910లో మళ్ళీ అచ్చువేయించి, మగ కవులు రాస్తే తప్పుకాని శృంగారం ఆడది రాస్తేనే తప్పయిందా అని నిలదీశారు. తర్వాత ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులు గారు మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన రోజుల్లో గానీ ఆ నిషేధం పోలేదు. ఆడపిల్లల చదువు కోసం ధవళేశ్వరంలో బడి పెట్టిన మనిషి, స్త్రీల కోసం సతీహితబోధిని పత్రిక నడిపిన మనిషి, ఒక కవయిత్రిని అలా చూశారు. ఈ రెండూ ఒకే మనిషివి. పిల్లలకు దేవుణ్ణి చూపిస్తే దండం పెట్టి వెళ్ళిపోతారు.

పాలమూరు_పంతులమ్మ
పరిశోధి గారూ, మీరు చెప్పింది నిజం, డిగ్రీలో తప్పక చెప్పాలి. ఇంటర్ రెండో ఏడాదిలో నేనూ చెబుతాను. కానీ తొమ్మిదో తరగతిలో? వాళ్ళు ఇంకా ఆయన్ను కలుసుకోనే లేదు. కలవకముందే తగవు పెడితే ఎట్లా? ముందు ఆ మనిషి గొంతు విననివ్వండి. "ఇది ఆయన చెబుతున్న మాట, ఇంకొకరు ఇంకోలా చెప్పొచ్చు" అన్న ఒక్క మాట మాత్రం మొదటి రోజే చెప్పొచ్చు. అది పదమూడేళ్ళవాళ్ళకూ అర్థమవుతుంది. ఇంట్లో అన్నాతమ్ముళ్ళు కొట్టుకుంటే అమ్మ ఇద్దరి కథలూ వినాల్సిందే కదా.

చదువరి_మేడ
ఇంకొకరు ఇంకోలా చెప్పడం చూపించాలంటే రాజమండ్రి చాలా మంచి ఊరు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అక్కడే ఉపాధ్యాయులు, చూపు పోయినా చెప్పి రాయించిన మనిషి. ఆయనకూ స్వీయచరిత్ర ఉంది. ప్రకాశం గారు ఆ ఊళ్ళోనే చదువుకుని, అక్కడే మునిసిపల్ ఛైర్మన్ అయ్యారు. ఆయనది నా జీవితయాత్ర. శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారిది అనుభవాలూ జ్ఞాపకాలూనూ. అందులో తెలుగు ఎంత తీయగా ఉంటుందో నేను చెప్పలేను. సంస్కృతం, వేదం చదవాల్సిన ఇంట్లో పుట్టి తెలుగులో రాస్తానని పట్టుబట్టిన కుర్రాడి కథ. వీరేశలింగం గారి పేజీ కష్టమనిపించిన రోజున శ్రీపాద వారి పేజీ ఒకటి చదవండి మాస్టారూ. మూడుతరాల గోదావరి ఒక్క లైబ్రరీ అలమరాలో ఉంటుంది.

ఒక చిన్న సలహా. రాజమండ్రిలో ఆయన పుట్టిన ఇల్లు స్మారకంగా ఉంది. పుస్తకం కొంత చదివాకే అక్కడికి తీసుకువెళ్ళండి. ముందే వెళితే గోడలు చూసి వచ్చేస్తారు.

సిక్కోలు_సిన్నోడు
మేడ గారూ, మీరు చెప్పిన పద్ధతి మా చెల్లి మీద ప్రయత్నించాను. ఎనిమిదో తరగతి. ఒక పేరా గట్టిగా చదివాను, సొంత మాటల్లో చెప్పమన్నాను. మా యాసలో చెప్పింది, ఒక్క విషయం వదల్లేదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పూర్తిగా కాదు, సగం. తెలుగు అసలు చదవలేని పిల్లలకు మాత్రం ముందు మన మాటల్లోనే చెప్పాలంటాను.

గోదావరి_గట్టు
మీ సలహాలు విన్నాక మూడు శనివారాలు అయ్యాయి. జరిగింది జరిగినట్టు రాస్తాను.

వాటిలో మొదటి శనివారం బోర్డు ఖాళీగా వదిలేశాను. పోలీసుల ప్రశ్న అడిగాను. క్లాసు లేచి కూర్చుంది. కాకినాడ పైడా రామకృష్ణయ్య గారు డబ్బు సాయం చేశారని, పోలీసులతో పాటు శిష్యులూ కాపలా కాశారని, ఆ పెళ్ళికి నాలుగు రోజుల్లోనే రెండో పెళ్ళి కూడా జరిగిందని చెప్పాను. ఇంటివాళ్ళను వెలివేశారంటే ఏమిటని అడిగారు. వెలి అన్న మాట వాళ్ళకు తెలియదు. "వాట్సాప్ గ్రూపులోంచి తీసేసినట్టా సార్?" అన్నాడు ఒకడు. అంతకంటే పెద్దదిరా అన్నాను. పురోహితుడు గడప తొక్కడు, వంటమనిషి రాడు, నీళ్ళు తెచ్చేవాళ్ళు రారు, చుట్టాలు పిలవరు. మొదట్లో పక్కన నిలబడ్డవాళ్ళలో కొందరు వెలికి భయపడి ప్రాయశ్చిత్తం చేయించుకుని వెళ్ళిపోయారు.

అప్పుడు రాజ్యలక్ష్మమ్మ గారి సంగతి చెప్పాను. గోదావరి నుంచి నీళ్ళు తానే మోసుకొచ్చి, పెళ్ళివారికి తానే వండిపెట్టారని. పరీక్షకి వస్తుందా అని అడిగిన అమ్మాయి చెయ్యెత్తింది. "ఎన్ని బిందెలు మోసి ఉంటారు సార్?" అంది. క్లాసులో లెక్క మొదలైంది. పెళ్ళికి యాభై మంది వచ్చారనుకుంటే తాగడానికి ఎన్ని, వంటకు ఎన్ని, గిన్నెలు తోమడానికి ఎన్ని. వాళ్ళ అమ్మమ్మ కాలవ నుంచి రోజూ ఆరు బిందెలు మోసేదని ఒకమ్మాయి చెప్పింది. చంకలో బిందె పెట్టుకుని గట్టు ఎక్కితే నడుము ఎలా నొప్పి పుడుతుందో ఇంకొకమ్మాయి లేచి నడిచి చూపించింది. మగపిల్లలు నవ్వుతారేమో అనుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

రెండో శనివారం ఆ పేజీలు చదివాను, ఆయన భాషలోనే, ఆపకుండా. విన్నారు. ఏం జరుగుతుందో ముందే తెలుసు కాబట్టి మాటలు అడ్డం రాలేదు. తర్వాత ముగ్గురు వాళ్ళ మాటల్లో చెప్పారు. "ఆమె పేరు మార్చేటప్పుడు ఆమెను అడిగారా?" అన్న అట్లాంటా బాబు ప్రశ్న కూడా పెట్టాను. మా క్లాసులో అందరూ "అడిగి ఉండరు" అన్నారు.

మూడో శనివారం ఒక పని ఇచ్చాను. ఈ పుస్తకంలో ఒకరి మాటే ఉంది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఉన్న ఇంకొకరి మాట ఒక పేజీ రాయండి అన్నాను. చాలామంది పోలీసు రాశారు. కొందరు రాజ్యలక్ష్మమ్మ గారిని రాశారు. ఆ బిందెల అమ్మాయి గౌరమ్మను రాసింది. ఆ పేజీలో పెళ్ళి గురించి ఎక్కువ లేదు. బయట అరుపులు వినిపిస్తున్నాయని, తలుపు సందులోంచి చూశానని, రేపు ఈ ఊళ్ళో తనతో ఎవరు మాట్లాడతారో అని ఆలోచిస్తున్నానని ఉంది. చదివి చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

చదువరి_మేడ
మాస్టారూ, చాలా సంతోషం. ఒక్క జాగ్రత్త చెబుతాను. గౌరమ్మ గారు నిజంగా బతికిన మనిషి. ఆ పేజీ నోటీసు బోర్డు మీద పెడితే కింద "ఇది ఊహ" అని రాయించండి. రేపు ఎవరో ఫోటో తీసి పంపితే ఆమె మాటలే అనుకుంటారు.

గోదావరి_గట్టు
మీ మాట నిజమండీ. ఆ అమ్మాయికి చెప్పాను. "ఊహ" అని రాసి, దాని పక్కన ఇంకో వాక్యం తనే చేర్చింది: "గౌరమ్మ గారు ఏమనుకున్నారో ఎవరూ అడగలేదు కాబట్టి నేను రాశాను." అలాగే ఉంచాను.

వచ్చే శనివారం రాజమండ్రి వెళ్తున్నాం. ఆ ఇంటి నుంచి గోదావరి ఒడ్డుకు ఎన్ని అడుగులో నడిచి లెక్కపెట్టాలని పిల్లలు నిర్ణయించుకున్నారు. ఒకడు ఇంట్లో నుంచి ఇత్తడి బిందె తెస్తానంటున్నాడు. బస్సులో చోటుంటే తీసుకురమ్మన్నాను.

పాలమూరు_పంతులమ్మ
అడుగులు ఎన్నో తప్పకుండా ఇక్కడ రాయండి మాస్టారూ. బిందె నిండా నీళ్ళతో వచ్చేటప్పుడు ఎంతసేపు పట్టిందో కూడా. మా పిల్లలకు చెబుతాను.